ఎవరైనా ఆపమంటున్నారా?

2002లో భివండీ పక్కన పూర్ణలోని ఒక గోదాము ఆఫీసులో కంప్యూటరు ప్రోగ్రాములకు పూనకం వస్తే మహేంద్రను భూతవైద్యుడిలా పిలిచేవారు. ఒక్కో బట్టల బేలుకూ అదే పని చేస్తూ ఆగకుండా తిరిగే లూపు ముందు ఆయన గంభీరంగా కూర్చుని, ప్రతి చుట్టుకూ బేలు నంబరు తెర మీద పడేలా ప్రోగ్రాములో ఒక వరుస చేర్చేవాడు. ఒకే నంబరు మళ్ళీ మళ్ళీ పడితే రోగం దొరికినట్టే. ప్రోగ్రాము రాసినవాళ్ళు పాడైన రికార్డును వదిలేయమన్నారు గానీ, తరువాతి దానికి జరగమని చెప్పడం మరిచారు. ఆ మాట రాయగానే భూతం దిగేది.

ఇంతటి ఘనుడి సొంత లూపులు మాత్రం నత్తలకే నడక నేర్పేవి. కారణం అందరికీ తెలుసు. ప్రతి చుట్టులోనూ ఆయన ప్రోగ్రాము ఒకసారి కీబోర్డు వైపు చూసేది, ఎవరైనా ఆపమంటున్నారా అని. ప్రతి బేలుకూ అదే మర్యాద. ఆ మర్యాదలన్నీ ముగిసి సరుకు రిపోర్టు వచ్చేసరికి, దాని కోసం ఆగిన లారీలు బయట బారులు తీరేవి.

పై అధికారి కాత్యాయని, భివండీ నార్పోలిలో పుట్టి మరాఠీ బడిలో చదివిన పిల్ల, ఒక ఉదయం వచ్చి నిలబడింది.

"మహేంద్రన్నా, మాలిక్ బహుత్ గరమున్నడు. ఇయ్యాల రిపోర్టు జల్దీ రాకుంటే నిన్ను వాపస్ మగ్గాలకు పొమ్మంటున్నడు."

మహేంద్ర మగ్గాల షెడ్డు వదిలి కంప్యూటరు పని నేర్చి ఏళ్ళయింది. అంతకుముందు ఆయన కామత్‌ఘర్‌లో జాబరు, అంటే మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఒక మగ్గాన్ని ఆపే హ్యాండిలు అదురుకు జారి మగ్గం ఊరికే ఆగిపోతుంటే, ఆ హ్యాండిలును సుతిలి తాడుతో బిగించి కట్టేశాడు. భివండీలో అది నేరం కాదు, నైపుణ్యం. నెలరోజులు మగ్గం ఆగలేదు. సేటు మెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆ మగ్గం నడిపే చిన్నబాపు, అంటే బాబాయి, కొమురయ్య చొక్కా చెయ్యి మగ్గం తిప్పే పట్టాలో చిక్కుకుంది. రెండో చేత్తో హ్యాండిలు గుంజాడు. అది రాలేదు.

"ఆపుర మహేందర్, ఆపు!"

ఆ మోతలో మొదటి కేక వినపడనే లేదు. రెండోది వినపడి పరుగెత్తాడు. మూడో కేక రాలేదు.

మహేంద్ర పనిలో పడ్డాడు. ప్రతి చుట్టులోనూ గోదాముల పట్టిక ఫైలును తెరిచి మూసే పనిని లూపు బయటికి తెచ్చాడు. ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబు వచ్చే లెక్కను ముందే చేసి పెట్టుకున్నాడు. సగం సమయం తగ్గింది. చాలలేదు.

"ఇగ ఈ కీబోర్డు చూసుడొక్కటి మిగిలింది. తీసెయ్‌రాదన్నా."

"అదొక్కటి ఉండనీయుండ్రి మేడం."

"అరే, రోజు నడిచే ప్రోగ్రామిది. ఎవలు ఆపుతరు దీన్ని, దయ్యాలా?"

మహేంద్ర వేలు చెరిపే మీట దాకా పోయి నిలబడిపోయింది. ఆమె వంగి, తానే ఆ వరుస చెరిపేసి, ప్రోగ్రాము నడిపింది. నిమిషాల్లో రిపోర్టు వచ్చింది. లారీలు కదిలాయి. ఉద్యోగం నిలిచింది.

"చూసినవా? ఏమైంది? ఏం గాలే."

"మొదటి నెల గూడ ఏం గాలే మేడం."

ఆమెకు అర్థం కాలేదు. "నీతోని పరేషానే! పా, తిందాం."

"మీరు పోండ్రి. అది ఆగినంక వస్త."

"ఆగిందన్నా! అగో, తెర మీద రాసే ఉన్నది గద."

మహేంద్ర తల ఊపాడు. ప్రోగ్రాము నడిచినంతసేపూ కంప్యూటరు ప్లగ్గు స్విచ్చి మీద పెట్టి ఉంచిన చెయ్యి మాత్రం తీయలేదు.