వంతెన మీదే ఆగే ఆదివారం

మా ఆవిడ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పోయింది. గుండె జబ్బు, ఆసుపత్రిలో కొన్నాళ్లు, తరువాత లేదు. వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధివాళ్లకు తప్ప చాలామందికి ఆలస్యంగా తెలిసింది. తెలిసినవాళ్లు ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఆమె వంటనూ ఓర్పునూ మెచ్చుకుంటూ రాయడం నాకు చేతకాదు. ఓర్పు ఆమెకు పెద్దగా లేదు కూడా. ఒక వంతెన గురించి రాస్తాను.

మెరీనా బీచి వైపు వెళ్లేటప్పుడు, కూవం ఏరు సముద్రంలో కలిసేచోట తెల్లటి కమానుల వంతెన ఉంది. దానికి ఇవతల యుద్ధ స్మారకం. ఆమె అన్న సైన్యంలో ఉండేవాడు. బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు దీపావళి సెలవుకు వచ్చి, ఆ తరువాతి ఆదివారం రైలెక్కి పడమటి సరిహద్దుకు పోయాడు. మళ్లీ రాలేదు. శవమూ రాలేదు. ఆచూకీ లేదన్నారు తప్ప చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. ఆమెకు అప్పుడు పావడా కట్టుకునే వయసు.

పెళ్లయిన ఏడాది నుంచి, దీపావళి అయినాక వచ్చే ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ వంతెన మీదికి వెళ్లేది. స్మారకం కనబడేచోట పిట్టగోడకు ఆనుకుని నిలబడి, స్టీలు డబ్బాలోని పెరుగన్నం తినేది. స్మారకం లోపలికి మాత్రం అడుగు పెట్టేది కాదు.

“ఆడ గడ్డుంది, నీడుంది. ఈ బస్సుల పొగలో నిలబడి ఏం చూస్తావు?” అన్నాను ఒకసారి.

“నీడ కావాలంటే మీరు పోయి పండుకోండి. ఆడుండేదంతా పోయినోళ్లు. మావాడికి ఆడేం పని?”

“మరి మనం వచ్చేదెందుకు?”

“మావాడు ఆడ లేడని చూసిపోయేదానికి.”

ఇంట్లో రోజూ కాకికి పెట్టనిదే ముద్ద ముట్టని మనిషి, వంతెన మీద కాకి వాలితే చేయి ఎత్తి తోలేసేది. కాకికి పెడితే పోయినవాళ్లకు పెట్టినట్టు.

మహాలయ అమావాస్యకు నేను తర్పణాలకు కూర్చున్నప్పుడూ ఇదే తంతు. తల్లిదండ్రుల తరువాత, పోయిన బంధువుల పేర్లు వరసగా చెప్పి నీళ్లు వదలాలి. పురోహితుడు “బావమరిది?” అనగానే వంటింట్లోంచి గొంతు వినబడేది. “ఆ పేరొద్దు సామీ. తరువాత దానికి పోండి.”

ఒక ఏడు ఆయన ఊరుకోలేదు. “నీళ్లే గదమ్మా, వదిలితే ఏం పోయింది?”

“మీరు బతికుండంగానే మీకు వదిలితే ఊరకుంటారా సామీ?”

ఆయన దగ్గు వచ్చినట్టు దగ్గి, తరువాతి పేరుకు పోయాడు.

ఆసుపత్రిలో ఒక సాయంత్రం అడిగాను, ఈసారి మీ అన్న పేరు చెప్పించనా అని. ఫ్యాను కేసి చూస్తూ చెప్పింది.

“నేనుండేదాకా వాడుండాడు. అప్పురం, నా తరువాత, మీరే యోచించండి.”

ఈ ఏడు అమావాస్యకు కూర్చున్నాను. మొదటిసారి ఆమె పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలాను. పురోహితుడు “బావమరిది” అని, అలవాటుగా వంటింటి వైపు చూశాడు. గొంతు తగ్గించి, “ఏం చేద్దాం సార్? ఆయన పోయుంటే ఇన్నేళ్లుగా చుక్క నీళ్లు లేవు. ఒకవేళ ఉంటే మనం...” అని ఆగాడు.

ఉన్నాడో లేడో నాకు తెలియదు. అతన్ని నేను ఒక్కసారీ చూడలేదు. అతని కోసం ఎదురుచూసే మనిషి ఇప్పుడు లేదు, నాకు తెలిసింది అంతే. ఎవరూ ఎదురుచూడనివాడికి నీళ్లైనా దక్కాలి. పేరు చెప్పాను. ఆ పేరు ఆయనకు కొత్త. ఆయన ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

ఇంట్లో దీపావళి లేదు. ఆ తరువాతి ఆదివారం మాత్రం బస్సెక్కాను. వంతెన దాకా పోకుండా స్మారకం దగ్గరే దిగాను. గేటు తీసి ఉంది. పూలు తీసుకుపోలేదు. చెప్పులు విడిచి లోపలికి నడిచాను. రాళ్లు కాలుతున్నాయి.

అన్నేళ్లలో అక్కడినుంచి వంతెనను ఎప్పుడూ చూడలేదు. అంత దగ్గరని అనుకోలేదు. మనుషుల ముఖాలు కూడా తెలుస్తున్నాయి. గొడుగు పట్టుకున్న ఎవరో ఒకామె పిట్టగోడ దగ్గర ఆగి ఇటే చూస్తోంది. నన్ను చూస్తోందో, స్మారకం రాతిని చూస్తోందో తెలియలేదు. ఇంతలో ఒక బస్సు అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఆమె మెరీనా వైపు నడుస్తోంది. సముద్రపు గాలికి గొడుగు తిరగబడింది. ఆమె ఆగకుండానే దాన్ని సరిచేసుకుంటూ పోయింది.