నైలాన్ చక్రాలు

కిందటి నెల నా పాత విద్యార్థి ఒకడు తాను పనిచేసే పెద్ద గోడౌనుకు నన్ను తీసుకెళ్లి, అరల మధ్య వాటంతట అవే తిరుగుతూ సరుకు మోస్తున్న రోబోలను గర్వంగా చూపించాడు. వాడు వాటి తెలివి గురించి చెబుతుంటే నేను ఈ ముసలి మోకాళ్లతోనే నేల మీద చతికిలబడి వాటి చక్రాలు చూశాను. చక్రాలు ఎంచుకునే ముందు ఆ నేల మీద రోజూ నడిచేవాళ్లను అడుగుతామని వాడు నాకే పాఠం చెప్పాడు. నాకు లేవబుద్ధి కాలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండు వేల సంవత్సరం దాటిన ఆ మొదటి ఏళ్లలో ఊరంతా కంప్యూటరు కోర్సుల బోర్డులే. నేను మాత్రం బాపట్లలో మెకానికల్ పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. నన్ను చదివించింది మా అన్నయ్య. రేపల్లెలో ఒక రైస్ మిల్లు ముఠాలో డెబ్బై ఐదు కిలోల బస్తాలు వీపున మోసి చదివించాడు. నలభై ఐదేళ్లకే నడుము వంగిపోయి, ఆదివారం చర్చిలో ప్రార్థనకు లేచి నిలబడాలంటే ముందు బెంచీ పట్టుకోవలసి వచ్చేది. ఆ వీపు మీద నుంచి బస్తా దించాలన్నదే నా పంతం. నేల మీద గీసిన నల్ల గీతను చూసుకుంటూ, నాలుగు బస్తాలు వేసుకుని తనంతట తానే లారీ దగ్గరికి వెళ్లే బండి చేయడానికి పూనుకున్నాను.

సెలవు దొరికితే చాలు, తెనాలి పరుగెత్తేవాణ్ణి. అక్కడ లేతు మిషను నడిపే సాయిబుగారిని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎంత చిన్న పనికైనా విసుక్కోని మనిషి, చక్రాల దగ్గర మాత్రం నాతో పేచీకి దిగాడు.

"రబ్బరు ఎక్కిద్దాం సార్, నైలాన్ జారుద్ది" అన్నాడు.

గట్టి చక్రమైతే తేలిగ్గా దొర్లుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని లెక్కలు వేసి చూపించి ఆయన నోరు మూయించాను. చదువుకున్నానన్న పొగరు అప్పుడు అంత ఉండేది. కాలేజీ వరండాలో బండి ముచ్చటగా నడిచింది.

మిల్లులో నడిపి చూపించే రోజున అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మా తమ్ముడి బండి అని ముఠా అంతటికీ చెప్పుకున్నాడు. లారీలకు బస్తాలు ఎక్కించే దిమ్మ మీదికి వెళ్లే ఏటవాలు మీద ముఠావాళ్లు పొద్దున్నే ఊక చల్లుకోవడం అలవాటు. అది నా గీతను కప్పేస్తోందని నేనే చీపురు తెప్పించి శుభ్రంగా ఊడ్పించాను. ఏళ్ల తరబడి తవుడు జిడ్డు పట్టి నున్నబడిన నేల అది, ఉత్తకాళ్లు జారకుండా ఉండటానికే ఆ ఊక అని బూట్లు వేసుకున్న నాకు తోచలేదు. అన్నయ్య మాత్రం ఒక్కసారి నా వంక చూసి, "ఊడ్చేద్దామంటావా తమ్ముడూ?" అన్నాడు. అంతకు మించి అడగలేదు. ఇంజనీరు తమ్ముణ్ణి నలుగురిలో కాదనడం ఆయనకు చేతకాదు.

సగం ఎక్కాక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, బస్తాలతో సహా బండి వెనక్కి జారింది. ముఠాలో ఒక కట్టుబాటు ఉంది, ఎవరి బస్తా జారినా దగ్గరున్నవాడు వీపు ఆనించాలి. అందరూ పక్కకు దూకారు, అన్నయ్య ఆనించాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మళ్లీ బస్తా మోయలేదు. నేను కోరుకున్నదే జరిగింది, నా చేతుల మీదుగానే జరిగింది. వదిన అదే మిల్లులో నూకలు చెరగడానికి కూలికి కుదిరింది. ఆమె ముఖం చూడాలంటే నాకు ఇప్పటికీ భయమే.

ఇప్పుడు ఆ మిల్లులో బస్తాలను బెల్టు మోస్తోంది. ముఠా చెదిరిపోయింది, నేల మీద ఊక చల్లేవాళ్లూ లేరు. ఈ మార్పంతా అన్నయ్య బతికుండగానే వచ్చింది, ఆయనకు ఎందుకూ కొరగాలేదు. ఆయన నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నేను వెళ్లినప్పుడల్లా మంచం మీద నుంచే, "ఈసారి ఏం చక్రాలు ఏస్తన్నావు తమ్ముడూ?" అని ఆశగా అడిగేవాడు. చూస్తున్నాను అన్నయ్యా అనేవాణ్ణి. పోయిన ఏడాది కన్నుమూసేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆ రోజు తర్వాత నేను ఒక్క చక్రం కూడా చేయలేదని ఆయనకు చెప్పనేలేదు.