అట్టలో పట్టని వరుస

నా చిన్నప్పుడు, తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండు వెనక ప్రెస్సులో నేను ఆడిన బేరం లాంటిది మా వంశంలో ఇంకెవరూ ఆడలేదు. నిండా పదేళ్ళు లేవు. పెళ్ళిపత్రిక ఖర్చు పెరగబోతుంటే ఒక్క మాటతో ఆపేశాను. కావాలంటే మా తాతయ్యనే అడగండి అందును గానీ, ఆయన లేడు. ఉన్నప్పుడు కూడా దాని అసలు ధర ఆయనకు తెలియదు.

పెళ్ళి మా అత్త కూతురిది. అత్త అంటే నాన్నకు అక్క. భర్త పోయాక బిడ్డను చంకనేసుకొని మా ఇంటికి వచ్చి, కొట్టు వెనక గదిలో పప్పులు చెరుగుతూ, పొట్లాలు కడుతూ ఆ పిల్లను పెంచింది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ పెళ్ళికి మాత్రం ఒకటి అడిగింది. పత్రికలో తల్లిగా తన పేరు వేయాలని. భర్త లేని ఆడమనిషి పేరు శుభపత్రికలో వేయడం మావాళ్ళలో లేదు. తాతయ్య చాలాసేపు గడ్డం గోక్కొని, చివరికి "సరి, ఒక వరుస వేయించండి" అన్నాడు.

మా వ్యాపారుల ఇళ్ళలో పెళ్ళిపత్రిక సగం పిలుపు, సగం కొట్టు బోర్డు. ప్రతి చుట్టం పేరు కింద అతని కొట్టు పేరు పడాల్సిందే. పాపారపట్టి చిన్నాయన బియ్యం మండీ గానీ, మారండహళ్ళి మామ ఎరువుల కొట్టు గానీ తప్పిపోయిందంటే ఆ మనిషి పెళ్ళికి రాడు. నాన్న సరుకు విడిపించుకోను మొరప్పూర్ స్టేషనుకు పోవడంతో, రాసిన కాగితం నా చేతికిచ్చి పంపారు. బేరంలో గట్టివాడినని నాకు అప్పటికే పేరు.

ప్రెస్సాయన వరుసలు లెక్కపెట్టి పెదవి విరిచాడు.

"ఈ అట్టలో పట్టదు తంబీ. పెద్ద అట్టకు పోవాల. లేకుంటే ఒక వరుస తీసేయాల."

పెద్ద అట్టంటే పెద్ద ఖర్చు. కాగితం పైనుంచి కిందికి చూశాను. ఏ కొట్టు తీసినా గొడవే. గొడవ పడని పేరు ఒక్కటే కనబడింది. ఇంట్లోనే ఉండే మనిషికి పిలుపెందుకు?

"ఇంట్లో అడిగినావా?" అన్నాడాయన.

"మా ఇంట్లో బేరాలన్నీ నావే" అన్నాను.

పత్రికల కట్ట వచ్చిన రోజు అమ్మా నానమ్మా వాటి మూలలకు పసుపు పూస్తున్నారు. అత్త పసుపు ముట్టకూడదు గనక, గోడవారన కూర్చొని కవర్లు సర్దుతోంది. ఒక పత్రిక చేతిలోకి తీసుకుంది. మాట్లాడేది తెలుగైనా మాకు వచ్చిన రాత తమిళమే. అదీ ఆమె వేలు పెట్టుకొని చదివేది. వేలు కిందిదాకా వచ్చింది. మళ్ళీ పైకి పోయింది. పత్రిక తిప్పి చూసింది. వెనకంతా తెలుపు.

"ఏమిరా, ఇంతేనా?" అంది మెల్లగా.

ప్రెస్సుకు పరుగెత్తాను. "పేర్చిన అచ్చు విప్పేసినాను తంబీ. సీసం అక్షరాలన్నీ పెట్టె గళ్ళలోకి పోయినాయి" అన్నాడాయన. ఏడ్చాను, బతిమాలాను, నాకొచ్చిన బేరాలన్నీ ఆడాను. గళ్ళలోకి పోయిన అక్షరాలు ఏ బేరానికీ రాలేదు. ఇంటికొచ్చి పెన్ను తీసి పత్రిక మీద ఆమె పేరు రాయబోతే, అత్త నా చెయ్యి పట్టుకుంది.

"చేత్తో రాస్తే అడుక్కొని వేయించుకున్నట్టు ఉంటుంది నాయనా. వద్దు."

సాయంత్రం నాన్న వచ్చి, పత్రిక చూసి, నా చెవి మెలిపెట్టాడు. "ఎవర్నడిగి తీసినావురా అక్క పేరు?"

అత్త లేచి వచ్చింది. "వాణ్ణేమీ అనొద్దు. నేనే తీసేయమన్నాను. మంచి కార్యంలో నా పేరెందుకని."

"అదీ మాట! బుద్ధిగల బిడ్డ" అంది నానమ్మ. తాతయ్య ముఖం విచ్చుకుంది. నాన్న చెయ్యి సడలింది. ఇల్లంతా ఒక్కసారిగా తేలికపడింది. నిజం చెబితే నాకు దెబ్బలు. చెప్పకపోతే, ఆమె జన్మకు అడిగిన ఒక్క కోరికా అడగనే లేదన్నట్టు అయిపోతుంది. నోరు తెరిచాను. అత్త నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. నోరెత్తని మనిషి దగ్గర కోత పెట్టడం ఎంత సులువో నాకు తెలిసింది ఆ రోజే.

ఇప్పుడు ఆ వీధిలోనే నాకొక డిజైన్ అంగడి ఉంది. మిల్లుల వార్షిక నివేదికలు, పెళ్ళిపత్రికలు, చావు కార్డులు, అన్నీ చేస్తాను. పేర్లు పట్టకపోతే ఛైర్మన్ గారి ఫొటో తగ్గిస్తాను గానీ పేరు తీయను. "మీకు డిజైన్ తెలియదు సార్" అని ఒక కుర్ర మేనేజరు విసుక్కున్నాడు. పరవాలేదు తంబీ, తెలియదనే రాసుకో అన్నాను.

పోయినేడు అత్త పోయింది, తొంభై దాటి. కార్డు నేనే చేశాను. ఆమె పేరు అన్నింటికన్నా పెద్ద అక్షరాల్లో, ఒక వరుసంతా దానికే, చుట్టూ బోలెడంత ఖాళీ. పెద్ద అట్టే వాడాను.

లెక్క తేల్చాలి గదా. ఆనాడు ఒక వరుస మిగిల్చాను, ఈనాడు ఒక వరుస ఇచ్చాను. వ్యాపారి కంటికి సరిపోయినట్టే. కానీ పెళ్ళిపత్రికను మావాళ్ళు పసుపు మరకతో సహా ఏళ్ళ తరబడి బీరువాలో దాచుకుంటారు. చావు కార్డు ఇంట్లో ఉంచకూడదు. అత్త పేరును చుట్టాలంతా చదివారు. చదివి, వాకిట్లోనే నిలబడి చింపేశారు.