గుంజుడు లేదు, నూకుడే

ఆ రోజుల్లో నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇప్పుడు నాలుగున్నాయని ఒప్పుకుంటాను గానీ, ఆ నాలుగోది కాస్త కుంటిదని మాత్రం అంటాను. డిగ్రీ అయిన కొత్తలో, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక గోదాంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. కుక్కర్లు, మిక్సీలు, ఫ్యాన్లు అట్టడబ్బాల్లో వస్తాయి, అట్టడబ్బాల్లోనే పోతాయి. ఏ డబ్బా ఎక్కడుందో కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. కుత్బుల్లాపూర్‌లో మా గల్లీ వాళ్లు "గింత సదివి గోదాంల కూసుంటున్నవా?" అని సానుభూతి చూపేవారు. ఒకరోజు మా నాయిన చెవిన పడింది. "నేను ముప్పై ఏండ్లు మిషన్ ముంగట నిలవడ్డ. నా బిడ్డ కూసుంటది. నీకేంది నొప్పి?" అన్నాడు. (నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.)

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ అయ్యాక మిగిలే అరగంటలో ఆఫీసు కంప్యూటర్‌లో ఒక పాత పెట్టెల ఆట ఆడేదాన్ని. తెర మీద ఒక గది, అందులో ఒక మనిషి, కొన్ని పెట్టెలు, నేల మీద కొన్ని గుర్తులు. పెట్టెలన్నీ గుర్తుల మీదికి చేర్చాలి. పెట్టె వెనక నిలబడి నూకవచ్చు, ముందు నిలబడి గుంజడానికి మాత్రం లేదు. తొందరపడి మూలకు నూకామా, అది ఇక కదలదు; మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే. ఆటతో పాటు వచ్చిన లెవెల్స్ అన్నీ నెలలో అయిపోయాయి. అభిమానులు సొంతంగా తయారుచేసిన లెవెల్స్ పెట్టే వెబ్‌సైట్ ఒకటి ఉందని తెలిసింది. చూశాను. పెట్టె అంటే ఏమిటో, గోదాం అంటే ఏమిటో ఎన్నడూ చూడని వాళ్లు గీసినట్టున్నాయి. నాకు ఒళ్లు మండింది. రోజంతా పెట్టెల మధ్య బతికేదాన్ని నేను, లెవెల్స్ గీసేది వాళ్లా?

గ్రాఫు కాగితాల మీద గీయడం మొదలుపెట్టాను. ఎక్కడా ఊహ లేదు, అంతా మా గోదామే. నలభై లెవెల్స్ అయ్యాయి. ఒక్కోదానికి తెలుగులో పేరు పెట్టాను: 'చాచా మూల', 'తడిసిన ఫ్యాన్లు', 'సుచిత్ర బస్సు రాలే' (సుచిత్ర మా ఇంటి దారిలోని చౌరస్తా), 'అన్నం తిన్నంక'. చాచా అంటే మా హమాలీల మేస్త్రీ. శామీర్‌పేట పక్క ఊరివాడు, నెరిసిన గడ్డం, చెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ. కుక్కర్లు పేర్చే ఆ ఇరుకు మూల ఆయన సామ్రాజ్యం. పదిహేడో లెవెల్ అదే. అందులో నా తెలివి అంతా పోశాను.

వెబ్‌సైట్ నడిపే పెద్దమనిషి ఏ దేశం వాడో తెలియదు. నేను ఆయనకు నియమాల సారు అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే ఆయన ప్రతి ఉత్తరం ఒక నియమం నంబరుతో మొదలయ్యేది. నా లెవెల్స్ అందాయని చెబుతూ రెండు అభ్యంతరాలు రాశాడు. మొదటిది, పదిహేడో లెవెల్ ఎవరు ఆడినా పూర్తి కాదు. రెండోది, తెలుగు అక్షరాలు ఆటలో కనిపించడం లేదు, ఒక్కో అక్షరం బదులు ఒక్కో ఖాళీ డబ్బా కనిపిస్తోంది, కాబట్టి పేర్లు ఇంగ్లీషులోకి మార్చాలి.

"ఇది పెట్టెల ఆట. నాలుగు పెట్టెలు ఎక్కువ కనిపిస్తే ఎవరికి నష్టం?" అని రాసి పంపాను. పైకి అలా రాశాను గానీ నాకు ఏడుపు వచ్చింది. ఆ గోదాంలో నాదంటూ ఉన్నది ఆ నలభై పేర్లే. 'చాచా మూల'ను ఇంగ్లీషులో రాస్తే అది ప్రపంచంలో ఏ మూలైనా కావచ్చు. మా మూల మాత్రం కాదు. పేర్లు మార్చను, పదిహేడు తీసేయను అని తేల్చి చెప్పాను. అలాగైతే లెవెల్స్ పెట్టడం కుదరదని ఆయనా తేల్చాడు.

ఈ యుద్ధం నడుస్తుండగా పదిహేడో లెవెల్ కాగితం మా మేనేజరు కంట పడింది. ఆయన కొంపల్లి నుంచి కారులో వచ్చే కోస్తా మనిషి, హమాలీలను కూడా 'అండీ' అని పిలుస్తాడు కనుక మాకు అండీ సార్. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటండీ, స్టాకు పేర్చడానికి ప్లాన్ గీశారా? చెప్పరేంటి మరి! ఇలాంటి బుర్ర పెట్టుకుని మూల కూర్చున్నారే!" అన్నాడు. నోరు విప్పి నిజం చెబితే సరిపోయేది. చెప్పలేదు. నా బుర్రను మెచ్చుకున్న మొదటి మనిషి, ఆయన్ను నిరాశపరచడం ఎందుకని ఊరుకున్నాను. సాయంత్రానికల్లా గోదాంలో సరుకంతా నా కాగితం ప్రకారం పేర్చేశారు.

మర్నాడు పదకొండు గంటలకు కుక్కర్ల కోసం లారీ వచ్చింది. కుక్కర్లేమో లోపల, చుట్టూ మిక్సీలు, వాటి ముందు ఫ్యాన్లు. అండీ సార్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఎలా తియ్యాలండీ ఇవి? గీసింది మీరే కదా!" నాకేం తెలుసు? నేను లారీ దగ్గరికి పోయి, నంబరు రాసుకునే నెపంతో అక్కడే దాక్కున్నాను. పావుగంటలో కుక్కర్లు బయటికొచ్చాయి. వెనకే చాచా చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "అయిపోయింది బేటీ. పరేషాన్ గాకు."

నా గుండె పొంగింది. అవుతుందన్నమాట! వెంటనే నియమాల సారుకు ఉత్తరం దంచాను. మా చాచా నిజం పెట్టెలతో చేసి చూపించాడు, తెర మీద బొమ్మలు కదపడం మీకు చేతకాకపోతే తప్పు లెవెల్‌ది కాదు అని. ఒక్క వాక్యం జవాబొచ్చింది: "సంతోషం, ఆయన ఏ పెట్టెను ఎటు నూకాడో వరసగా రాసి పంపండి."

నోట్‌బుక్ పట్టుకుని చాచా దగ్గరికి పరుగెత్తాను.

"చాచా, నిన్న ముందుగాల ఏ డబ్బా నూకినవ్?"

"నూకుడేంది బేటీ? తాడేసి గుంజినం."

"గుంజినవా? గుంజొద్దు చాచా!"

"ఎందుకు గుంజొద్దు? ఎవడన్నడు?"

"రూల్ అది. నూకుడే ఉంటది."

చాచా బీడీ తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "గా రూల్ పెట్టినోడు ఎన్నడన్న మూట మోసిండా?"

నేను అక్కడే ఒక మిక్సీ డబ్బా మీద కూలబడ్డాను. రెండు వారాలుగా ప్రపంచంతో కొట్లాడుతున్నాను, ప్రపంచానిదే ఒప్పు. చాచాకు జాలేసినట్టుంది. నా చేతిలో కాగితం తీసుకుని, బొమ్మలో మనిషి మీద వేలు పెట్టాడు. "గీనె ముంగటి షట్టర్ కాడ ఎందుకు నిలవడ్డడు? ముంగట నిలవడితే గుంజుడే ఉంటది. ఎనక షట్టర్ తీసి అటుకెల్లి రమ్మను. ఇగ నూకుడే నూకుడు."

మనిషిని వెనక షట్టర్ దగ్గరికి మార్చి ఆడాను. మూడో ప్రయత్నంలో పెట్టెలన్నీ గుర్తుల మీదికి చేరాయి. అరిచిన అరుపుకు అండీ సార్ పరుగెత్తుకొచ్చాడు. నియమాల సారుకు పరిష్కారం జతచేసి పంపుతూ, మనిషి చోటు తప్పు పడిందని, అది కేవలం అచ్చుతప్పని రాశాను. (తప్పయింది అని రాయడానికి చెయ్యి రాలేదు.) పేర్లు మాత్రం మార్చనని మళ్లీ రాశాను. ఈసారి ఆయనే దిగొచ్చాడు. "పేర్ల బదులు డబ్బాలే కనిపిస్తాయి, మీ ఇష్టం" అన్నాడు. కనిపించనీ అన్నాను. ఎలాగూ ఎవరూ చదవలేరు కదా అని, పంపే ముందు పద్దెనిమిదో లెవెల్ పేరు మార్చి 'నియమాల సారుకు వేరే పని లేదు' అని పెట్టాను.

పదేళ్లపాటు నా నలభై లెవెల్స్ నలభై వరసల ఖాళీ డబ్బాలుగా ఆ జాబితాలో నిలబడ్డాయి. నేను రెండు ఉద్యోగాలు మారాను, చాచా పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడు. మొన్నామధ్య ఆ ఆటను కొత్తగా సవరించారు. తెలుగు అక్షరాలు కనిపించడం మొదలైంది. 'చాచా మూల' అని తెర మీద చూసి, శామీర్‌పేటకు ఫోన్ చేసి చెప్పాను. "నా పేరు ఇంగ్లీషుల ఉన్నదా బేటీ?" అని అడిగాడు. తెలుగులోనే ఉందన్నాను. "మస్తు జేసినవ్" అన్నాడు.

ఆ వారంలోనే నియమాల సారు ఉత్తరం వచ్చింది. పద్దెనిమిదో లెవెల్ పేరును కంప్యూటర్‌తో అనువదించి చూశాడట. "ఇది నా గురించేనా?" అని అడిగాడు. కింద ఇంకో వాక్యం: "నిజమే, రిటైరయ్యాక వేరే పని అసలే లేదు. కావాలంటే పేరు మార్చుకోవచ్చు, ఒక్క అవకాశం ఇస్తాను."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మార్చలేదు. దాని బదులు నలభై ఒకటో లెవెల్ గీశాను. చిన్న గది, ఒక మనిషి, ఒక పెట్టె, పక్కనే గుర్తు. ఒక్క నూకుడుతో అయిపోతుంది. రిటైరైన మనిషి కూర్చోవాలి కదా, పేరు 'నియమాల సారు కుర్చీ'. క్షమాపణ అని రాయకుండా క్షమాపణ చెప్పడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. అదే రోజు తిరిగొచ్చింది: "పరిష్కారం జతచేయలేదు, నియమం చూడగలరు."

ఒక్క పెట్టె, ఒక్క నూకుడు, దానికీ పరిష్కారం రాసివ్వాలట! గోదాంలో ఆ మొండిపిల్ల అయితే రెండు పేజీల జవాబు దంచేది. ఆమెను తలుచుకుని కాసేపు నవ్వుకున్నాను. తర్వాత బుద్ధిగా 'కుడికి ఒకసారి' అని రాసి పంపాను. తెలుగులోనే.