చంకలో వెచ్చబడిన పట్టుకారు

పైపుల ఫ్యాక్టరీ పరీక్షల గదిలో అతన్ని అందరూ విరగ్గొట్టేవాడు అనేవారు. పనే అది. స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుకి వెల్డింగ్ అతుకు వేసినచోట వేలెడంత ముక్క కోసి, నడుమ గాటు పెట్టి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, చలి లోపలిదాకా దిగాక పట్టుకారుతో తీసి, ఐదు సెకన్లలోపు ఊగే సుత్తి కింద పెట్టాలి. మంచి పైపు ఆ చలిలోనూ వంగుతుంది, సాగుతుంది, సుత్తితో వాదానికి దిగుతుంది. అతుకు చెడిందో, గాజులా పుటుక్కుమంటుంది. పట్టుకారు కూడా ముక్కతోపాటు నైట్రోజన్‌లో మునగాల్సిందే. వెచ్చని పట్టుకారు తగిలితే ముక్క వేడెక్కి, లేని సత్తా చూపిస్తుంది. ఈ నియమం విషయంలో అతనిది మహా నిష్ఠ.

ఆ రోజు పరీక్షకొచ్చిన అతుకులు వేసింది అతని బావే. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఇప్పటికే రెండుసార్లు తప్పాడట, ఈసారీ పోతే ఉద్యోగం ఊడుతుందట. "నిన్ను చంకనేసుకుని పెంచానురా" అని ముక్కు చీదింది. తడి తగిలినట్టనిపించి అతను చెవి తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం భోంచేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి బావ గదిలో ఒక చెయ్యి ఒంటికి బిగించుకుని, సన్మానానికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉన్నాడు. మేకుకు ఉండాల్సిన పట్టుకారు లేదు.

"పట్టుకారేది బావా?"

బావ చొక్కా గుండీలు విప్పి చంకలోంచి తీసి అందించాడు. కొసకు ఒక వెంట్రుక అంటుకుని ఉంది. "గంట నుంచి వెచ్చబెడుతున్నా. ఈ ఒక్కసారికి ముంచకు. మీ అక్క మొహం చూసి."

అతను దాన్ని రెండు వేళ్ళ కొసలతో అందుకున్నాడు. పట్టుకారును స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచినా చాల్లేదు. దాన్ని నైట్రోజన్‌లో ముంచితే తొట్టి బుసబుసా పొంగింది. నైట్రోజన్‌కి ముక్కు లేదు, అదృష్టం.

"ఈ పైపుల్లో పారేది కూడా ఇంత చలిదే బావా. పగిలితే పక్కనున్నవాడు మిగలడు."

"నీకు అక్కకన్నా ఇనుమే ఎక్కువన్నమాట."

సుత్తి పడింది. ముక్క రెండై ఎగిరింది. విరిగినచోట పంచదారలా తళతళ. ఫెయిల్ అని రాసి, అతను మళ్ళీ చేతులు కడుక్కున్నాడు.

సాయంత్రానికి బావ ఉద్యోగం పోయింది. అక్క తిట్టడానికే ఫోన్ చేసింది. అతను అన్నీ విని, జరిగింది చెప్పాడు.

"చంకలోనా?"

"చంకలోనే."

"ఇకనుంచి రోజంతా ఇంట్లోనే ఉంటాడు కదరా," అంది అక్క. "గరిటెలు దాచుకోవాలి."