ఇసుక తిప్పని గిన్నె

2021 మార్చిలో ఒక గురువారం, సాయంత్రం నాలుగుకు ఇంకా పది నిమిషాలు. ఇన్నాళ్లుగా మోస్తున్న బరువు నా మీద పడింది అప్పుడే. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నాను. మీరు నన్ను ఎరగరు కదా.

నాకప్పుడు అరవై మూడేళ్లు. గనుల నుంచి వచ్చే రాళ్లలో బంగారం ఎంతుందో తేల్చే చిన్న ల్యాబ్ ఒకటి అరబ్బు దేశంలో, జెబెల్ అలీలో ఉండేది. దానికి పెద్దను నేను. రాయిని పిండిలా నూరాలి. సీసం పొడి, వెలిగారం కలిపి కొలిమిలో కరిగించాలి. కరిగిన సీసం రాతిలోని బంగారాన్ని పోగుచేసుకుని అడుగుకు దిగుతుంది. ఆ ముద్దను ఎముకల బూడిదతో చేసిన మూసలో పెట్టి మళ్లీ కాలిస్తే, సీసాన్ని మూస పీల్చేసుకుంటుంది. ఆవగింజకన్నా చిన్న పూస మిగులుతుంది. అందులోని వెండిని యాసిడ్‌తో తీసేస్తే మిగిలేదే బంగారం. దాన్ని తూచి నేను ఒక అంకె చెబితే, ఎక్కడో కొండ దగ్గర తవ్వకం మొదలయ్యేది.

నూరే మర పని గంగరాజంది. జగిత్యాల వైపు మనిషి. బంగారం మెత్తనిది. రాయిలా నలగదు, మర గిన్నెకు పూసుకుంటుంది. అందుకే ఒక రాయి నూరాక గుప్పెడు ఉత్త ఇసుక వేసి తిప్పి పారబోయాలి. ఆ తర్వాతే రెండో రాయి. ఆ నియమం పెట్టింది నేనే.

ఆ రోజు బంగారం బాగా ఉన్న రాయి ఒకటి నూరాడు. ఇంకొక్కటి మిగిలింది, తెల్లరాయి. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది.

"డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతుండమ్మా. ఇసుక తిప్పి వస్త, పది నిమిషాలు."

"ఇవాళ్టికి ఇసుక వద్దులే గంగరాజం. ఆ తెల్లరాయి వేసెయ్."

"మీరేనా అమ్మా ఈ మాట అంటున్నది? రేపటిసంది నేను మేడం, మీరు గంగరాజమా?"

ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు అందుకున్నాం.

రెండు రోజుల సెలవు తర్వాత, ఆదివారం ఆ తెల్లరాయిలో పూస తేలింది. అనుమానం రాలేదా? వచ్చింది. నూరని ముక్క ఇంకా అరలోనే ఉంది, మళ్లీ పరీక్షిస్తే తేలిపోయేది. ఎందుకు చేయలేదు? చేస్తే నా తప్పు నేనే పట్టుకోవాల్సి వచ్చేది. ముప్పై ఏళ్లుగా అందరి తప్పులూ పట్టిన మనిషిని.

గని వాళ్లు ఆ అంకెను నమ్మి ఎండాకాలమంతా తవ్వారు. రాయి తప్ప ఏమీ రాలేదు. వాళ్ల ఫిర్యాదు మీద ముదీర్, అంటే నా పై మేనేజరు, ఆ అరలోని ముక్కను బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించాడు. అందులోనూ ఏమీ లేదు. మా ఇద్దరినీ పిలిచాడు. ఇసుక తిప్పారా అని అడిగాడు. ఆ నెలలోనే నా పర్మిట్ రెన్యూ కావాలి. ఈ వయసులో ఒకసారి ఆగితే మళ్లీ రాదు.

"ప్రతిసారీ తిప్పాలని చెప్పి ఉన్నాను" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అబద్ధం లేకుండా ఒక మనిషిని ముంచవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

గంగరాజం నా వైపు చూశాడు. బయటికి వచ్చాక, వరండాలో అడిగాడు.

"అమ్మా, ఆ దినం మీరు వద్దన్నట్టు యాదికున్నది నాకు. నిజంగ అన్నరా, నేనే మర్సిపోయిన్నా?"

బెదిరింపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తేదీలు, తూకాలు నన్నడిగి సరిచూసుకోవడం అతని అలవాటు.

"నేను అలా అంటానా గంగరాజం?" అన్నాను.

తన చేతులకేసి చూసుకున్నాడు. "నిజమే. మీరు అనరు. నాదే మతి తప్పింది" అన్నాడు. ఆ వారమే అతని వీసా ఖలాస్ చేసి ఊరికి పంపేశారు. వెళ్లే ముందు గిన్నె శుభ్రంగా కడిగి, బోర్లించి వెళ్లాడు.

అతని నంబరు నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. చేయలేదు. చేస్తానని మీకు మాట ఇవ్వలేను. ఇలా రాసి పెట్టగలిగానంతే. ఆ మాట అన్నది నేనే. "ఇసుక వద్దులే" అన్నది నేనే.

పోయినవి ఇవి. గని వాళ్లకు ఒక ఎండాకాలం. గంగరాజానికి కొలువు, వీసా, తన జ్ఞాపకం మీద నమ్మకం. నాకు ఏమీ పోలేదు. నా పర్మిట్ ఇంకో రెండేళ్లకు రెన్యూ అయింది.