మంచం అంచున కూర్చున్న నూకరత్నం

ఇలా దగ్గరికి జరగండి, ఆ చాప మీదే కూర్చుని వినండి. రెండువేల రెండులో సంగతి. విశాఖ ఓడరేవు దగ్గర స్పానిష్ నేర్పే చిన్న బడిలో పనిచేసేదాన్ని. నాకు చదువు రాదు. ఓడల మీద వచ్చిన ఆ భాషవాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని, పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం నా పని. ఫీల్డ్ విజిట్ అనేవారు. అంటే, పుస్తకంలో నేర్చిన మాటతో ఒక మనిషికి సాయపడి రావడం.

ఆ ఏడు పెద్రో అనే పెరూ దేశపు ఓడ వంటవాడు కడుపు ఆపరేషనై ఆసుపత్రిలో ఉండిపోయాడు. ఓడ వెళ్లిపోయింది. మనిషి తిండి ముట్టడు. తిని, లేచి నడిస్తేనే విమానం ఎక్కనిస్తామన్నాడు డాక్టరు.

మా పిల్లలు వెళ్లారు. పెద్దవాళ్ల ముందు కూర్చోకూడదని మనం పెంచిన పిల్లలాయె. మంచం కాళ్ల దగ్గర వరసగా నిలబడి, ఫైళ్లు తెరిచి, పేరేమిటి, ఊరేమిటి అని అడిగారు. ఆయన గోడవైపు తిరిగిపోయాడు. మళ్లీ వెళ్లినా అంతే.

ఆ తర్వాత ఓ పొద్దున యారాడ అనే జాలరి ఊరి నుంచి మా బడి పిల్ల నూకరత్నం ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. తల్లితో ఒడ్డున చేపలు ఏరి, అలాగే బస్సెక్కేసింది. వాసనని క్లాసులో వెక్కిరిస్తారని వెనక బెంచీలో ముడుచుకునే పిల్ల. గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను అక్క వరసలో అప్పా అనేది.

"నాను కంపు కొడతన్నానప్పా. రోగి కాడికి ఎలాగొచ్చీది?"

"ఆయన వంటోడే. సేపల వాసన ఎరగడా ఏటి? రాయే, కూకో," అన్నాను నేను.

సిగ్గుపడుతూ మంచం అంచున కూర్చుంది. పెద్రో తల తిప్పాడు. దాని మోచేతికంటిన ఎర్రటి పొలుసును గోటితో తీసి, ఏ చేపదని అడిగాడు. ఆ పేరు దానికి స్పానిష్‌లో రాదు. ఆ గులివింద చేపను దుప్పటి మీద వేలితో గీసి, గడ్డం కింద రెండు మీసాలు పెట్టింది. ఆయన నవ్వాడు. పక్కనే తమ సముద్రపు చేపను గీశాడు. ఆయనా జాలరి కొడుకేనట.

వస్తూ దారిలో రత్నం చెప్పింది. "మనోల్ని చూసి, ఉద్యోగం తీసీడానికి కంపెనీ పంపిన ఆఫీసర్లనుకున్నాడంటప్పా."

డాక్టరునడిగి, కారం తగ్గించి, మర్నాడు పులుసు తెచ్చింది. నిమ్మకాయ పిండాల్సిన చేపకి చింతపండేమిటని పెద్రో తిట్టాడు. తిడుతూనే గిన్నె ఖాళీ చేశాడు. మిగతా పిల్లలు కూడా ఫైళ్లు ఇంట్లో పెట్టి వచ్చారు. ఒకడు ఆయన గడ్డం గీశాడు, ఇంకొకడు భుజమిచ్చి వరండాలో నడిపించాడు. అలా నడిచీ నడిచీ ఆయన విమానమెక్కాడు. పిల్లల నోట భాష కూడా అప్పుడే నడిచింది.

అప్పట్నుంచి ఏ పిల్లల్ని ఎక్కడికి పంపినా ఒకటే చెప్పేదాన్ని: ముందు పక్కన కూర్చోండి, అడగడం తర్వాత.

మీ గడప తొక్కిన పరాయివాడికి మీ ఇంట కూర్చునే చోటుండాలి. మీ పొయ్యి మీద పులుసు మరుగుతూ ఉండాలి. దూరం వెళ్లిన మీ వాళ్లంతా చల్లగా ఇల్లు చేరాలి.